ఆస్ట్రేలియాలో ఆదివాసీ చిత్రకారులకు బొమ్మ ఒకసారి అమ్మేశాక మళ్లీ డబ్బు వస్తుందా?

వస్తుంది, గ్యాలరీ, డీలర్ లేదా వేలం సంస్థ ద్వారా ఆ బొమ్మ మళ్లీ 1,000 డాలర్లకో అంతకంటే ఎక్కువకో అమ్ముడైతే, ఆ ధరలో 5 శాతం చిత్రకారుడికి చెందాలి. 2010 జూన్ 9 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం అక్కడి చిత్రకారులందరిదీ. కాకపోతే ఆదివాసీలకు దీని అవసరం మరీ ఎక్కువ.

రచయితకు ప్రతి కాపీ మీదా రాయల్టీ ఉంటుంది. చిత్రకారుడి చేతిలో ఉండేది ఒక్క కాన్వాస్. మారుమూల ఊళ్లో ఉండే ఆదివాసీ చిత్రకారుడు ఇల్లు గడవడానికి దాన్ని చవగ్గా అమ్మేస్తాడు. ధర పెరిగేది తర్వాత.

ఆదివాసీ చిత్రకారుడు క్లిఫర్డ్ పోసమ్ జపల్జారి గీసిన ‘వర్లుగులాంగ్’నే చూడండి. 1977లో 1,200 డాలర్లకు అమ్ముడైన ఆ చిత్రం 2007 వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి ఆయన లేరు, ఈ చట్టమూ లేదు. ఉండి, ఆ అమ్మకానికి వర్తించి ఉంటే వారసులకు 1,20,000 డాలర్లు వచ్చేవి (చిత్రకారుడు పోయాక 70 ఏళ్ల దాకా ఈ హక్కు వారసులది).

చాలామంది ఈ 5 శాతం లాభం మీద అనుకుంటారు. లెక్క మొత్తం ధర మీద. అమ్మినవాడికి నష్టమొచ్చినా కట్టాల్సిందే. అయితే 2010 జూన్ 9కి ముందే కొన్న బొమ్మకు, ఆ తర్వాత జరిగే మొదటి రీసేల్‌లో మాత్రం ఇది వర్తించదు.