ఫిట్స్ సంగతి ఆఫీసులో చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 26. పదహారో ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని చెప్పారు. లెవెటిరాసిటమ్ 500 మి.గ్రా. మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. చివరిసారి ఫిట్స్ వచ్చి 14 నెలలైంది. అక్క పెళ్లిలో రాత్రంతా మేలుకున్నాను, తెల్లవారి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో కాల్‌ సెంటర్ ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు వారం వారం మారతాయి. చేరేముందు నింపాల్సిన ఆరోగ్య పత్రంలో దీర్ఘకాలిక జబ్బులున్నాయా అని అడిగారు. ‘లేవని రాసెయ్, తెలిస్తే ఉద్యోగమే కాదు, సంబంధాలు కూడా పోతాయి’ అంటోంది అమ్మ. ఏం చేయమంటారు?
ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: పత్రం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ షిఫ్టుల మాట తేలాలి.

మీకున్న రకం ఫిట్స్‌కు నిద్ర తగ్గితే చాలు. పెళ్లి రాత్రి మీకే అనుభవమైంది. ఇందులో నిద్ర లేచిన గంట, రెండు గంటల్లో చేతులు ఉన్నట్టుండి అదురుతాయి. పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎగిరిపడుతుంది, గ్లాసులో కాఫీ ఒలుకుతుంది. చాలామంది అది కంగారు వల్లనో నీరసం వల్లనో అనుకుని వదిలేస్తారు. మందు సరిగా వాడితే ఎక్కువమందిలో ఇది చక్కగా అదుపులో ఉంటుంది. అయితే ఈ వారం రాత్రి పని, వచ్చే వారం పగటి పని అంటే నిద్రకూ, మాత్రకూ ఒక వేళంటూ ఉండదు. కాబట్టి మీరు రాత్రి షిఫ్టు చేయకూడదు. అది వద్దని అడగాలంటే కారణం చెప్పక తప్పదు.

ఇక పత్రం. అడగని జబ్బును ఉద్యోగి తనంతట తాను బయటపెట్టి తీరాలనే సాధారణ చట్టమేదీ మనకు లేదు. ఇంటర్వ్యూలో మీరు చెప్పకపోవడం తప్పేమీ కాదు. సూటిగా అడిగినచోట ‘లేవు’ అని రాసి సంతకం పెట్టడం వేరు. రేపు ఆఫీసులో ఫిట్స్ వస్తే జబ్బును వదిలేసి ఆ అబద్ధాన్ని పట్టుకుంటారు.

చెబితే ఉద్యోగం ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. హెచ్ఐవీ ఉన్నవారికి 2017 నాటి చట్టం అండగా ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్ష చేయించుకోవాలని షరతు పెట్టకూడదు. మూర్ఛకు అంత గట్టి రక్షణ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో దాని పేరు విడిగా కనిపించదు. అమ్మ భయాన్ని కూడా కొట్టిపారేయను. 1999 దాకా హిందూ వివాహ చట్టమే పెళ్లికి అడ్డంకుల్లో మూర్ఛను పిచ్చి పక్కన నిలబెట్టింది. చట్టం మారింది గానీ పెళ్లిళ్ల పేరయ్యలు ఇంకా మారలేదు.

పత్రంలో ఇంత రాస్తే చాలు: ‘మూర్ఛ ఉంది, మందులతో అదుపులో ఉంది, 14 నెలలుగా రాలేదు.’ దానికి మీ న్యూరాలజిస్టు ఉత్తరం జతచేయండి. ‘రాత్రి షిఫ్టు తగదు, స్థిరమైన పగటి వేళల్లో ఈ పని చేయడానికి ఆరోగ్యపరంగా అడ్డంకి లేదు’ అని రెండు ముక్కలు రాయమనండి. ఇది హెచ్ఆర్‌కూ, కంపెనీ డాక్టరుకూ. ఈఈజీలు, స్కానింగులు, పాత ఫైలు ఎవరికీ ఇవ్వనవసరం లేదు. టీమ్ లీడర్‌కు జబ్బు పేరు కూడా అక్కర్లేదు, షిఫ్టు సంగతి తెలిస్తే సరిపోతుంది.

నా దృష్టిలో హెచ్ఆర్ కంటే ముఖ్యం మీ పక్క కుర్చీలో కూర్చునే మనిషి. నా దగ్గరికి వచ్చే ఒక యువకుడు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఓ రోజు క్యాంటీన్‌లో ఫిట్స్ వస్తే తోటివాళ్లు కంగారుపడి నోట్లో స్టీలు చెంచా కుక్కారు. ఫిట్స్ రెండు నిమిషాల్లో ఆగింది. విరిగిన ముందు పళ్ల కోసం మాత్రం నెల రోజులు దంతవైద్యుడి చుట్టూ తిరిగాడు. తాళాల గుత్తి చేతిలో పెడితే ఆగుతుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అందుకే నమ్మకమైన ఒకరిద్దరిని కూర్చోబెట్టి చెప్పండి: నోట్లో ఏమీ పెట్టవద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టవద్దు, తల కింద మెత్తటిదేదైనా పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

మీరు అడగలేదు గానీ, స్కూటర్ నడిపే అలవాటుంటే మానేయండి. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని అడిగేది ఊరికే కాదు. మెట్రోలోనో ఆఫీసు క్యాబులోనో వెళ్లండి.

పగటి షిఫ్టు కుదరదని వాళ్లు తేల్చేస్తే ఆ ఉద్యోగం వదులుకోమనే అంటాను. ఇలా అనడం నాకు తేలికేనని తెలుసు, జీతం అవసరం మీది. పగటి పని ఉన్న మరో సంస్థ దొరికేదాకా వెతుక్కోండి. ఈలోగా ఒక్కటి గమనించండి. ఉదయం పూట ఆ అదురులు ఇప్పటికీ కనిపిస్తున్నాయా? కనిపిస్తుంటే ఉత్తరం కోసం వెళ్లినప్పుడే మీ డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

న్యూరాలజిస్టు, హైదరాబాద్