పిల్లలు, ఒళ్ళు, బొమ్మలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెబుతాను. శరీర భాగాల పాఠం వచ్చినప్పుడు పిల్లలను పెద్ద కాగితం మీద పడుకోబెట్టి, ఒంటి చుట్టూ పెన్సిలుతో గీయించాను. మగపిల్లలు గోల చేశారు, ఒక ఆడపిల్ల పడుకోనని ఏడ్చింది, మిగిలినవాళ్ళు "మాకు బొమ్మలు రావు టీచర్" అంటూ అగ్గిపుల్లల మనుషులను వేసి ఇచ్చారు. ఒంటి గురించిన ఎరుకను, బొమ్మలు వేయడాన్ని ఇబ్బంది లేకుండా కలిపి నేర్పే దారి ఏదైనా ఉందా?
— ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: పడుకోనని ఏడ్చిన పాపకు తన ఒంటి దగ్గరికి ఎవరు ఎంతవరకు రావచ్చో ముందే తెలుసు, మీరు చెప్పదలచిన పాఠంలో సగం ఆమెకు వచ్చేసినట్టే. తొమ్మిది, పదేళ్ళ పిల్లలను తోటివాళ్ళ ముందు వెల్లకిలా పడుకోమనడం నాకు మొదటినుంచీ నచ్చని పద్ధతి.

దానికి బదులు నీడను గీయించండి. ఉదయం ప్రార్థన అయిన వెంటనే, ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడు, పిల్లలను ఇద్దరిద్దరిగా ఆవరణలోకి తీసుకువెళ్ళి, ఒకరు నిలబడితే రెండోవారు నేల మీద పడిన నీడ అంచును సుద్దముక్కతోనో, మట్టి నేల అయితే పుల్లతోనో గీయాలని చెప్పండి. ఎవరూ ఎవరినీ తాకనవసరం లేదు, ఎలా నిలబడాలో నిర్ణయించుకునేది నిలబడేవారే. చేతులు నడుముకు ఆనిస్తే నీడలో రెండు కిటికీలు తెరుచుకుంటాయి; బతుకమ్మ చుట్టూ చప్పట్లకు వంగినట్టు పక్కకు తిరిగి వంగితే వెన్ను విల్లులా కనిపిస్తుంది. పాదాల చుట్టూ కూడా గీసి ఉంచి, మధ్యాహ్నం అన్నం గంటకు అదే గుర్తుల్లో మళ్ళీ నిలబెట్టండి. మన నల్గొండ జిల్లా 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కనుక ఆగస్టు తొలివారంలో నడిమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదికి వస్తాడు. మబ్బు పట్టకపోతే పిల్లల నీడ పాదాల దగ్గరే ముడుచుకుపోతుంది. పొద్దున తాటిచెట్టంత ఉన్న తన రూపం మధ్యాహ్నానికి పాదాల కిందికి చేరడం చూసిన పిల్లకు, వెలుతురును బట్టి ఆకారం మారుతుందని మీరు వేరే చెప్పనక్కరలేదు.

వీలైతే ఒకరోజు నల్గొండ పక్కనున్న పానగల్లు తీసుకువెళ్ళండి. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూపి, అది ఏ స్తంభానిదో వెతకమనండి. బడిలో కదిలిన నీడ ఇక్కడ ఎందుకు కదలదన్న ప్రశ్న వాళ్ళ నోటినుంచే వస్తుంది. (నేరుగా పడే ఎండ కాకుండా, పక్కలనుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు ఆ నీడను ఏర్పరుస్తుంది. ఈ జవాబును తిరుగు బస్సు ఎక్కేదాకా దాచుకోండి.)

నీడ ఒంటి అంచును మాత్రమే చూపుతుంది. లోపలి సంగతి తెలియాలంటే కళ్ళు మూయించాలి. కళ్ళు మూసుకుని చూపుడువేలితో ముక్కు కొసను తాకమంటే చాలామంది తడుముకోకుండా తాకుతారు. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే ఎలా తెలిసిందని అడగండి. కండరాల్లో, స్నాయువుల్లో, కీళ్ళలో ఉండే సూక్ష్మ గ్రాహకాలు మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతూనే ఉంటాయి. ఈ ఎరుకకు ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో ప్రోప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. పిల్లలకు ఆ పేరు అక్కరలేదు. నెత్తి మీద నిండు బిందె ఉందనుకుని ఈ గోడనుంచి ఆ గోడదాకా నడవమనండి. మెడ నిటారవుతుంది, అడుగులు చిన్నవవుతాయి, నవ్వులు కూడా వాటంతట అవే ఆగుతాయి. బిందెను "దించిన" తర్వాత, ఒంట్లో ఎక్కడెక్కడ బిగుసుకుందో ఆ చోట్లను మాత్రం రంగుతో వేయమనండి. మనిషి మొత్తాన్ని గీయాల్సిన పని లేదు కనుక "మాకు రాదు" అనే మాట వినిపించదు. మెడ దగ్గర ఒక ఎర్రటి ముద్ద, పాదాల దగ్గర రెండు పచ్చని చుక్కలు వేసి ఇచ్చినా అది ఆ పిల్ల బొమ్మే.

నారాయణపేట, గద్వాల వైపు పిల్లలకు ఇంకో సదుపాయం ఉంది. మన్నెత్తుల అమావాస్యకు మట్టి ఎద్దులు చేసే ఇళ్ళలో పెరిగినవారి వేళ్ళకు మూపురపు వంపు చూడకుండానే తెలుసు. అలాంటి పిల్లవాణ్ణి కళ్ళు మూసుకుని తన మోచేతిని తానే తడిమి, ఆ ఎముకను మట్టిలో చేయమంటే వెనుకాడడు.

వద్దన్న పిల్లను ఎందుకు వద్దని నిలదీయకండి. సుద్దముక్కలు పంచే పని ఇచ్చి పక్కన ఉండనివ్వండి. బొమ్మను చూసి కథలు ఊహించుకోవద్దు గాని, ఏ పిల్లైనా తనను ఎవరో ఇబ్బంది పెట్టారని నోటితో చెబితే, పదిమందిలో ప్రశ్నించకుండా ఒంటరిగా పూర్తిగా విని, పిల్లల సహాయవాణి 1098 నంబరుకు తెలియజేయండి.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్ళు. మనిషి బొమ్మ వేస్తే తలనుంచే కాళ్ళూ చేతులూ మొలుస్తాయి, వేళ్ళు చేటంత ఉంటాయి, మెడ అసలే ఉండదు. ఇప్పుడే సరిదిద్దాలా?
— ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: వద్దమ్మా. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు ఎక్కడైనా ఇలాంటి తోకకప్ప మనుషులనే వేస్తారు. మెడ, నడుము తమంతట తామే వస్తాయి. ఇక చేతుల సంగతికి వస్తే, మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు స్పర్శను గ్రహించే మెదడు భాగంలో ఏ అవయవానికి ఎంత చోటు ఉందో పరిశీలించి 1937లో ప్రచురించిన పటంలో, చేతికీ పెదవులకూ దక్కిన చోటు మొండేనికి దక్కలేదు. మీవాడు ఆ పటం చూసి వేయలేదు లెండి, అయినా చేతికి ఉన్న విలువ అతనికీ తెలిసినట్టుంది.

ఆటగా ఒక కొలత నేర్పవచ్చు. మణికట్టు గీతనుంచి నడివేలి కొసదాకా ఉన్న పొడవు, గడ్డంనుంచి వెంట్రుకల మొదలుదాకా ఉన్న ముఖానికి దాదాపు సమానం. మన శిల్పులు దీన్ని తాళం అన్నారు. తాళానికి 12 అంగుళాలు (ఇంచీలు కావు, వేలి వెడల్పులు), నవతాళ పద్ధతిలో చేసే మూర్తికి తొమ్మిది తాళాలు, అంటే 108 అంగుళాలు. మీ అరచేతిని మీ ముఖం మీద పెట్టి చూపండి, అతని చేతిని అతని ముఖం మీద పెట్టుకోమనండి. కాగితం మీద వేసిన బొమ్మను మాత్రం ముట్టుకోకండి.

ప్రశ్న: మాది మునుగోడు వైపు పల్లె. ఫ్లోరైడు నీళ్ళతో నడుము వంగిపోయిన మా నాయనను మా పాప ఉన్నది ఉన్నట్టు వేసింది. బడిలో సారు ఆ వెన్ను మీద ఎర్రసిరాతో నిలువుగీత గీసి, "మనిషి ఇలా ఉండాలి" అని రాసి పంపారు. పాప అప్పటినుంచి పెన్సిలు పట్టడం లేదు.
— ఒక తండ్రి

జవాబు: ఆ ఎర్రగీతే తప్పు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని బాగా మించిన ఫ్లోరైడును ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లో చేరుతుంది, వెన్నుపూసలను పట్టి ఉంచే బంధనాలు గట్టిపడతాయి, మనిషి నిటారుగా నిలవలేడు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఇలా వంగిన వెన్నులు ఎన్నో ఇళ్ళలో కనిపిస్తాయి. నిలువుగీతలతో బొమ్మలు నేర్పితే మన పిల్లలు తమ తాతలను వేయడానికి సిగ్గుపడతారు. ఆ మాట మీరే వెళ్ళి సారుతో నిదానంగా చెప్పండి. తరగతిలో పిల్లలచేత తాతగారిలా వంగి నడిపించే పని మాత్రం పెట్టవద్దని కూడా చెప్పండి. ఉద్దేశం మంచిదైనా అది వెక్కిరింతగా మారుతుంది.

ఇంట్లో, ముందు నాయనగారి అనుమతి అడిగి, పాపను ఆయనకు పక్కగా కూర్చోబెట్టండి. కాగితం వైపు చూడకుండా, తాతయ్య మెడనుంచి నడుముదాకా కళ్ళను మెల్లగా నడిపిస్తూ, అదే వేగంతో పెన్సిలును నడిపించమనండి. ఆయన తన దున్నకాల రోజుల ముచ్చట్లు చెబుతూ ఉంటే మరీ మంచిది. మొదటి గీతలు వంకరటింకరగా వస్తాయి, ఇద్దరూ నవ్వుకుంటారు, పరవాలేదు. మీరు చూడవలసింది ఒక్కటే: చేతికర్ర నేలను తాకే చోటు. ఆయన లేచి నిలబడినప్పుడు బరువులో చాలా భాగం అక్కడ ఆనుతుంది కనుక, ఆ ఒక్క చోట పెన్సిలును కాస్త ఒత్తి గీయమని పాపకు చెప్పండి.