స్మోక్డ్ బాతు చర్మం తినొచ్చా? వంటలో దేనికి పనికొస్తుంది?

ప్రశ్న: కొరియాకి కొత్తగా వచ్చాం. ఇక్కడి మార్ట్‌లో ముక్కలు కోసి అమ్మే స్మోక్డ్ బాతు ప్యాకెట్ తెచ్చుకుంటున్నాం. మాంసం బాగుంది కానీ ప్రతి ముక్కకీ ఒక అంచున చర్మం, దాని కింద కొవ్వు ఉంటున్నాయి. తీసి పారేస్తున్నాం. అందులో పోషకాలేమైనా ఉన్నాయా? వంటలో వాడొచ్చా? వచ్చే నెల మా నాన్నగారు వస్తున్నారు, ఆయనకి బీపీ ఉంది. పెట్టొచ్చా?

జవాబు:

పారేయకండి. అలాగని మాంసంతో పాటు మొత్తం తినేయకండి కూడా. మేం సువోన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం, ఈ హున్‌జే ఓరి (స్మోక్డ్ బాతుకి కొరియన్ పేరు) ప్యాకెట్ మా ఫ్రిజ్‌లో తరచూ ఉంటుంది. నా అనుభవంలో తేలిందేమిటంటే, ఆ చర్మాన్ని మాంసం కింద లెక్కేయకూడదు, ఎండురొయ్యల్లా చూసుకోవాలి. సొరకాయ కూరలో గుప్పెడు ఎండురొయ్యలు పడితే కూర మొత్తానికి ఆ రుచి పడుతుంది, అంతేగానీ గిన్నెడు ఎండురొయ్యలు ఎవరూ తినరు కదా. ఈ చర్మంలోనూ ఉప్పు, కొవ్వు, పొగ వాసన మూడూ గట్టిగానే ఉంటాయి. కొంచెం వేస్తే చాలు.

ముందు ఆ కొవ్వు ఎందుకంత ఉంటుందో చెప్తాను. మన ఊళ్లలో నాటుకోడిని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి చర్మంతోనే వండుతారు. కోడి చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి కూరలో కలిసిపోతుంది. బాతు నీళ్లలో తిరిగే పక్షి, చలికి తట్టుకోవడానికి దానికి చర్మం కిందే మందంగా కొవ్వు పొర ఉంటుంది. పైగా ఇక్కడ మాంసానికి పెంచేవి పెకిన్ జాతి తెల్ల బాతులు. షెడ్లలో మేత పెట్టి పెంచి, ఆరేడు వారాల్లోనే కోతకి పంపుతారు. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక పొలాల్లో తిప్పే నాటు బాతులు రోజంతా నడిచి మేస్తాయి, వాటికి ఇంత కొవ్వు పట్టదు. మీరు ఊళ్లో తిన్న బాతు ఇగురు లెక్కలో దీన్ని చూడకండి.

లెక్కల సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టిక ప్రకారం, పెంపుడు బాతు పచ్చి మాంసం చర్మంతో సహా 100 గ్రాములకి దాదాపు 404 కేలరీలు, 39 గ్రాముల కొవ్వు. అదే చర్మం, కొవ్వు తీసేస్తే 135 కేలరీలు, 6 గ్రాముల కొవ్వు. ప్రొటీన్ చూస్తే చర్మంతో 11 గ్రాముల పైచిలుకు, చర్మం లేకుండా 18 గ్రాములు. మీ ప్యాకెట్‌లో ఉన్నది ఉడికించి పొగబెట్టింది కాబట్టి అంకెలు అచ్చంగా ఇవే ఉండవు, కానీ తేడా ఎటువైపు ఉందో అర్థమవుతుంది. చర్మంలో ఉండే ప్రొటీన్ కూడా ఎక్కువగా కొల్లాజెన్. అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు, కాబట్టి ప్రొటీన్ కోసం చర్మం తినడం దండగ. ముఖం మెరుస్తుంది అనే మాట ఇక్కడ తరచూ వింటారు. తిన్న కొల్లాజెన్ కడుపులో అరిగి మామూలు ప్రొటీన్ లాగానే ముక్కలైపోతుంది, నేరుగా వెళ్లి బుగ్గలకి అతుక్కోదు.

ఇక్కడే ఇంకో మాట కూడా మీ చెవిన పడుతుంది. మా ఇంటి ఓనరమ్మ మొదటిసారి భోజనానికి పిలిచినప్పుడు నవ్వుతూ చెప్పింది: గొడ్డు మాంసం ఎవరైనా కొనిపెట్టినా తినకు, పంది మాంసం కొనిపెడితే తిను, బాతు మాంసం మాత్రం సొంత డబ్బు పెట్టి అయినా కొనుక్కుని తిను అని. ఇది కొరియాలో అందరి నోటా ఉన్న సామెత లాంటిది. దాని వెనకాలే ఇంకోటి అంటారు, బాతు కొవ్వు నీళ్లలో కరిగిపోతుంది, ఒంట్లో పేరుకోదు అని. ఇది మాత్రం నిజం కాదండి. ఏ కొవ్వూ నీళ్లలో కరగదు. కావాలంటే ముక్కలు ఉడికించిన నీళ్లని ఒక స్టీలు గిన్నెలో పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే తీస్తే పైన తెల్లగా వెన్న రేకులా గడ్డకట్టి ఉంటుంది, చెంచాతో కొడితే కింద నీళ్లు వేరుగా కనిపిస్తాయి. ఆ నమ్మకంతో కొంతమంది గిన్నెలో మిగిలిన కొవ్వు కూడా అన్నంలో కలిపేసుకుంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అలాగని బాతు కొవ్వు విషమేం కాదు. అందులో సాచురేటెడ్ కొవ్వు మూడో వంతు, ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే మోనో అన్‌సాచురేటెడ్ రకం దాదాపు సగం. నెయ్యిలో సాచురేటెడ్ 60 శాతం దాటుతుంది. మన పల్లీ నూనెలో అది 20 శాతం లోపే. అంటే ఇది నెయ్యి కన్నా నయం, పల్లీ నూనె కన్నా కాదు. కేలరీలు మాత్రం దేనికైనా ఒకటే, పెద్ద చెంచాకి 115 దాకా.

మరి జాగ్రత్త దేనికంటే, ఉప్పుకీ పొగకీ. ఈ మాంసాన్ని ఉప్పు, చక్కెర, సాధారణంగా నైట్రైట్ (మాంసం పాడవకుండా వేసే ఒక రకం లవణం) కలిపిన నీళ్లలో ఊరబెట్టి తర్వాత పొగబెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో ఇలాంటి ప్రాసెస్డ్ మాంసాలన్నిటినీ పెద్దపేగు క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. రోజుకి 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. ఇది రోజూ తినేవాళ్ల లెక్క, నెలకోసారి తిన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. చర్మం విషయంలో ఇంకొకటి కూడా ఉంది. పొగలో వచ్చే బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ తెచ్చే పదార్థాలు కొవ్వులో కరుగుతాయి, పైపొరకే పడతాయి. చర్మం అంటే పైపొరే, కొవ్వే. యూరప్‌లో పొగబెట్టిన మాంసానికి కిలోకి 2 మైక్రోగ్రాముల బెంజోపైరీన్ దాటకూడదని 2014 నుంచి గట్టి పరిమితి ఉంది. కాబట్టి పేరున్న కంపెనీ ప్యాకెట్ కొనుక్కోండి, ఇంటికి తెచ్చాక దాన్ని మళ్లీ బొగ్గుల మీద మాడ్చకండి. కొవ్వు నిప్పుల మీద కారితే లేచే పొగలో అవే పదార్థాలు మళ్లీ వచ్చి అంటుకుంటాయి.

ఇక వంట. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఇక్కడివాళ్లలాగే కత్తి వదిలేసి వంటింటి కత్తెర తీసుకోండి. ముక్క అంచున ఉన్న చర్మాన్ని కత్తిరించి, చిటికెన వేలి గోరంత ముక్కలు చేసుకోండి. పెనం చల్లగా ఉన్నప్పుడే వాటిని పరిచి, రెండు చెంచాల నీళ్లు చల్లి, సన్న మంట పెట్టండి. నూనె వెయ్యకండి. వేడి పెనంలో వేస్తే పైన చక్కెర మాడిపోతుంది, లోపల కొవ్వు అలాగే ఉండిపోతుంది. నీళ్లు ఉంటే మొదట్లో మాడకుండా కొవ్వు మెల్లగా కరుగుతుంది. కాసేపటికి నీళ్లు ఇంకి చిటపటలు మొదలవుతాయి. ముక్కలు ముడుచుకుని, తెల్లటి భాగం అద్దంలా అయ్యి, తర్వాత తేనెరంగుకి తిరుగుతాయి. చిటపటలు సద్దుమణుగుతున్నాయంటే చర్మంలో తడి అయిపోయినట్టే, అప్పుడు ఇంక ఆగకండి. జల్లి గరిటెతో తీసి పేపర్ మీద వేసెయ్యండి. పెనం మీదే వదిలేస్తే నిమిషంలో నల్లబడి చేదెక్కుతాయి. చల్లారాక నోట్లో వేసుకుంటే గారె అంచులా కరకరలాడాలి. సాగుతున్నాయంటే ఇంకాస్త వేగాలి.

పెనంలో మిగిలిన కొవ్వుని పల్చటి గుడ్డలో వడకట్టి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అడుగున మాంసం తునకలు ఉండకూడదు, అవే ముందు పాడయ్యేవి. వారం లోపు వాడెయ్యండి. ఎక్కువ రోజులు కావాలంటే ఫ్రీజర్‌లో పెట్టండి. దానితో బజ్జీలు, పూరీలు వెయ్యకండి. పొగ వాసన గట్టిగా ఉంటుంది, ఉప్పు కూడా దిగి ఉంటుంది.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది ఎహోబాక్ కూర. ఎహోబాక్ అంటే మార్ట్‌లో ప్లాస్టిక్ తొడుగు బిగించి అమ్మే లేత ఆకుపచ్చ గుమ్మడి. రుచికి మన లేత సొరకాయకి దగ్గరగా ఉంటుంది. చిన్న చెంచాడు బాతు కొవ్వులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, ఉల్లిపాయ మగ్గాక ఎహోబాక్ ముక్కలు, పసుపు, కొంచెం కారం వేసి మూత పెట్టండి. నీళ్లు పొయ్యక్కర్లేదు, దాని నీళ్లే దానికి సరిపోతాయి. దించేముందు ఉప్పు చూసి, కావాలంటేనే వెయ్యండి. వేయించిన చర్మం ముక్కలు కంచంలో వడ్డించాక పైన చల్లుకోవాలి. మసాలా పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద దీనికి వద్దు, పొగ రుచిని తొక్కేస్తాయి. అదే కారణంతో బిర్యానీలోనూ ఇది నప్పదు. పులుసుల్లో వేస్తే కరకరలన్నీ నాని రబ్బరులా సాగుతాయి.

పులుపుతో మాత్రం ఈ కొవ్వు బ్రహ్మాండంగా కుదురుతుంది. టమాటా పప్పు తాలింపుకి నూనె బదులు వేసి చూడండి. ముద్దపప్పు, ఆవకాయ ఉన్న రోజున మాత్రం నెయ్యే వేసుకోండి, ఆ జాగాలో ఇంకోటి పనికిరాదు. కోడిగుడ్డు పొరటులోకి, ఉడకబెట్టిన బంగాళదుంపల వేపుడులోకి ఇది పల్లీ నూనెతో సగం సగం కలిపితే చాలు. ఇక్కడి వాళ్లు బాతు తిన్నాక చివర్లో చేసుకునే కిమ్చీ (కారం వేసి పులియబెట్టిన క్యాబేజీ) అన్నం కూడా పులుపు మీద నడిచేదే. బాగా పులిసిన కిమ్చీని ఆ కొవ్వులో అంచులు ఎర్రబడేదాకా వేయించి, నిన్నటి అన్నం వేసి పెనానికి అదిమి పెడతారు, అడుగు పెచ్చులు కట్టాలి. హోటల్లో అయితే పెనంలో ఉన్న కొవ్వంతా వాడేస్తారు. ఇంట్లో చేసేటప్పుడు చాలా మటుకు తీసెయ్యండి, రుచి ఏం తగ్గదు.

వేపుడు వద్దనుకున్న రోజు ఆవిరి మీద ఉడికించండి. అడుగున మొలకలు, పైన బుచు అనే వెల్లుల్లి వాసన ఆకుకూర, దాని మీద బాతు ముక్కలు పేర్చి పెడతారు. ఇందులో కారిన కొవ్వు మొలకలకి పడుతుంది కాబట్టి మొలకల్ని జల్లి గరిటెతో తీసుకుని, అడుగు నీళ్లు వదిలెయ్యండి. గుండ్రటి తన్‌హోబాక్ గుమ్మడికాయ లోపల బాతు నింపి ఉడికించేది పండగ వంటలా ఉంటుంది, పిల్లలకి భలే నచ్చుతుంది. అందులోకి చర్మం తీసేసిన ముక్కలే వెయ్యండి, గుమ్మడి గుజ్జు కొవ్వుని మొత్తం పీల్చేసుకుంటుంది.

మీ నాన్నగారి సంగతి. ఆయనకి చర్మం, ఆ కొవ్వు రెండూ వద్దండి. మాంసం ముక్కలు మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి, ఉప్పు కొంత, కొవ్వు కొంత పోతాయి. మిగిలిన ఉప్పు మాంసం లోపలే ఉంటుంది కాబట్టి అది రుచి చూపించడానికి నాలుగు ముక్కలే, భోజనానికి కాదు. ఆ పూట పక్కన కిమ్చీ, ఊరగాయ, సోయా సాస్ పెట్టకండి, కెన్నిప్ అనే వాసన ఆకుల్లో (పెరిల్లా) చుట్టుకుని అన్నంతో తినమనండి. కిడ్నీ సమస్య కూడా ఉంటే డాక్టర్‌ని అడక్కుండా అది కూడా పెట్టొద్దు. ప్యాకెట్ వెనక పట్టికలో నాత్రియుమ్ అని ఉండేది సోడియం, చిబాంగ్ అంటే కొవ్వు. పక్కన శాతాలు కూడా వేస్తారు, సోడియానికి రోజుకి 2,000 మిల్లీగ్రాములు అనే లెక్క మీద. ఆ అంకె ప్యాకెట్ మొత్తానికా, 100 గ్రాములకా అనేది పట్టిక పైనే రాసి ఉంటుంది, ముందు అది చూసుకుని తర్వాత శాతం చూడండి.