ట్రైనింగ్‌లో వెనకబడతానేమో అని భయపడుతున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ఉత్తరం చదివాను. మిలిటరీ పైలట్ అవ్వాలని చిన్నప్పటి నుంచీ కోరిక, కానీ బస్సెక్కితేనే కళ్లు తిరుగుతాయి, పైగా బ్యాచ్‌లో అందరూ నీకంటే చురుగ్గా ఉంటే మధ్యలోనే ఇంటికి పంపేస్తారేమో అని టెన్షన్, ఇంతే కదా. నేనూ ఆ ట్రైనింగ్ చేసినవాణ్ణే కాబట్టి చూసిందే చెప్తాను.

మొదటి ఫ్లైట్లలో మాలో చాలామందికి కడుపులో తిప్పేది, జేబులో కవర్ పెట్టుకునే విమానం ఎక్కేవాళ్లం. ఎగిరేకొద్దీ ఎక్కువమందికి తగ్గిపోతుంది, కంట్రోల్స్ మన చేతిలో ఉంటే ఇంకా నయం. తగ్గనివాళ్లకు బారనీ కుర్చీ అని గిరగిరా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది. దీనికోసం ఆశ వదులుకోకు. మెడికల్‌లో మాత్రం ఏదీ దాచకు.

తోటివాళ్ల సంగతికొస్తే, నాకు స్పిన్ అస్సలు వంటబట్టలేదు. విమానం తిరుగుతూ కిందికి పడిపోతుంటే ఎటు తిరుగుతోందో అర్థంకాక తప్పు వైపు రడ్డర్ (విమానం ముక్కుని పక్కకి తిప్పే పెడల్) తొక్కేవాణ్ణి. 1917లో ఇంగ్లండ్‌లోని గోస్పోర్ట్‌లో బ్రిటిష్ పైలట్ రాబర్ట్ స్మిత్-బారీ పెట్టిన ఫ్లయింగ్ స్కూల్లో, పైలట్లు హడలిపోయే ఈ స్పిన్‌నే కావాలని చేయించి బయటపడటం నేర్పించారు, అప్పట్నుంచీ ట్రైనింగ్ దారి అదే. భయం ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్తారు. నా రూమ్‌మేట్ రాత్రిళ్లు నన్ను చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి స్కేలిచ్చి అదే స్టిక్, అంటే విమానం నడిపే కర్ర, అనుకోమనేవాడు. కళ్లు మూసుకోమని "ఎడమకి తిరుగుతోంది" అని అరిచేవాడు. నేను థ్రాటిల్ (ఇంజిన్ పవర్) వెనక్కి, ఐలరాన్లు (రెక్కల మీద కదిలే పలకలు) న్యూట్రల్, కుడి రడ్డర్ పూర్తిగా, స్టిక్ ముందుకి అని పైకి చెబుతూ కాళ్లూ చేతులూ కదపాలి. మర్నాడు పొద్దున్నే తనకి చెక్ రైడ్, అంటే ఎగిరి చూపించే పరీక్ష, ఉన్నా సరే, నాకు తడబాటు పోయేదాకా వదల్లేదు.

చివరికి ఫార్మేషన్ (విమానాలు పక్కపక్కనే ఎగరడం) నేర్పే దశలో ట్రైనింగ్ ఆపేసి పంపేసింది ఆ రూమ్‌మేట్‌నే. ఆ రాత్రి మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు, తన పెట్టె నేనే సర్దాను. తర్వాత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి వెళ్లాడు, ఆ పనిలో ఇప్పటికీ మంచి పేరుంది. ఆపేసినంత మాత్రాన పనికిరానివాడని కాదు, అందుకే ఒక డిగ్రీ, ఇంకో దారి చేతిలో పెట్టుకునే బయల్దేరు.

బ్యాచ్‌లో వాళ్లని పోటీ అనుకోకు. డీబ్రీఫింగ్‌లో, అంటే ఫ్లైట్ అయ్యాక జరిగే చర్చలో, తను చేసిన తప్పు ఉన్నదున్నట్టు చెప్పేవాడికి తోటివాళ్లు తప్పకుండా సాయం చేస్తారు, దాచినవాడికి ఎక్కడ సాయం కావాలో వాళ్లకెలా తెలుస్తుంది? ముందు కళ్ల పరీక్ష చేయించుకో, రంగుల గుర్తింపుతో సహా. రిపోర్ట్ వచ్చాక మళ్లీ రాయి, ఏ పరీక్షకి కూర్చోవాలో అప్పుడు చూద్దాం.