తూకానికి అమ్ముడైన ఇంగ్లండ్

ప్రశ్న: కర్ణాటక సంగీతం తప్ప వేరేది ఎరుగని నాకు మా అబ్బాయి ఇంగ్లండ్‌కు చెందిన జెనెసిస్ బృందం వారి 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' వినిపించాడు. పాత ఇంగ్లండ్ మీద బెంగతో నిండిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు తిరిగే పాటల రాక్ శైలి) ఆల్బమ్ అన్నాడు. ఆ బెంగ ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. ఎలా వినాలో చెప్పగలరా? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే గడిచిన కాలాన్ని తలచుకుని మురిసిపోవడం ఇందులో తక్కువ, ఉన్నది కళ్లెదుటే అమ్ముడుపోతుంటే కలిగే బాధ ఎక్కువ. పౌండ్ అంటే వారికి డబ్బూ అవుతుంది, తూకమూ అవుతుంది కనుక, దేశాన్ని కూరగాయల్లా తూచి అమ్ముతున్నారన్న మాట పేరులోనే ఉంది. పాత గుర్తులు ఒక్కొక్కటే చెరిగిపోతున్న రోజులవి. ఆల్బమ్ వెలువడిన 1973లోనే బ్రిటన్ యూరప్ దేశాల ఉమ్మడి మార్కెట్ అయిన యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. అంతకు రెండేళ్ల ముందే, 1971 ఫిబ్రవరిలో, తరతరాల షిల్లింగుల లెక్క రద్దయి దశాంశ నాణేలు వచ్చాయి.

మొదటి పాట 'డాన్సింగ్ విత్ ద మూన్‌లిట్ నైట్' (ఈ నైట్ అంటే రాత్రి కాదు, పాత కథల వీరుడు)ను వాద్యమేదీ తోడు లేకుండా పీటర్ గేబ్రియల్ ఒంటరి గొంతుతో, పాత జానపద గీతం ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. తన దేశం ఎక్కడుందని ఒక కల్పిత జీవి అడుగుతుంది. కాసేపటికి వీరులు వస్తారు, కానీ వారు గ్రీన్ షీల్డ్ వీరులు. సరుకులు కొన్నవారికి దుకాణాలు ఇచ్చే గ్రీన్ షీల్డ్ స్టాంపులను ఆనాటి ఇళ్లలో పుస్తకాల నిండా అతికించి, వాటికి బదులుగా వస్తువులు తెచ్చుకునేవారు. పాత కథల్లోని వీరుడి డాలు మీదికి ఆ స్టాంపు పేరు ఎక్కిందని తెలిశాక ఆ పాట మరోలా వినిపిస్తుంది. నా దృష్టిలో ఆల్బమ్‌కు ప్రాణం అక్కడే ఉంది.

'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'కు ఈ బెంగతో సంబంధం తక్కువ. స్కాట్లండ్‌లో ఫోర్త్ నది సముద్రంలో కలిసే ఫర్త్ ఆఫ్ ఫోర్త్ మీద చమత్కారం ఆ పేరు: నాలుగో అన్నట్టు వినిపించే ఫోర్త్ కాస్తా ఐదో అనే ఫిఫ్త్ అయింది. అయినా టోనీ బ్యాంక్స్ పియానో కోసమూ, మొదట వేణువు పలికిన రాగాన్నే ఆరో నిమిషంలో స్టీవ్ హ్యాకెట్ గిటార్ మీద అందుకుని ఎంతో పైకి తీసుకుపోవడం కోసమూ తప్పక వినాలి. 'ద బ్యాటిల్ ఆఫ్ ఎపింగ్ ఫారెస్ట్' మాత్రం మాటలు మరీ ఎక్కువై సంగీతానికి ఊపిరాడనివ్వదు. మొదటిసారికి దాన్ని వదిలేసినా నష్టం లేదు.

మీరు ముందుగా వినవలసింది 'ద సినిమా షో' అని నా గట్టి నమ్మకం. దాని రెండో సగంలో కీబోర్డులు నడిచేది ఏడు మాత్రల లెక్క మీద కనుక, మిశ్రచాపు అలవాటైన మీ చెయ్యి తనంతట తానే తాళం వేస్తుంది. ఆ నడక చల్లారాక, మధ్యలో ఆగకుండానే చివరి పాట 'ఐల్ ఆఫ్ ప్లెంటీ' మొదలవుతుంది. ఒకటిన్నర నిమిషాల ఆ పాటలో, ఆరంభంలో దేశం ఎక్కడుందని అడిగిన బాణీయే తిరిగి వస్తుంది. దాని మాటల్లో టెస్కో, సేఫ్‌వే, ఫైన్ ఫేర్ వంటి దుకాణాల పేర్లు శ్లేషగా ఒదిగి ఉంటాయి. ఆ తరువాత గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ ధరలు చదువుతాయి. ఇంగ్లిష్ గొడ్డుమాంసం ధర తగ్గించారట, పౌండు తూకానికి 47 పెన్నీలు.