అమ్మ చీర రంగును జ్ఞాపకంతో పోల్చకండి

అమ్మ పెళ్లినాటి నారాయణపేట చీరలోని ఎరుపు మహబూబ్‌నగర్ దుకాణాల్లో ఎక్కడా దొరకడం లేదని రాశారు. బాగా ఎరిగిన వస్తువుల రంగును మనసు అసలుకన్నా గాఢంగా దాచుకుంటుంది. అందుకే చూపించిన ప్రతి చీరా మీకు వెలవెలబోయినట్టు అనిపిస్తోంది.

పాత చీర ఇంట్లోనే ఉందన్నారు కదా, ఫాల్ కుట్టిన చోట కొద్దిగా విప్పి చూడండి. వెలుతురు అంతగా తగలని ఆ భాగమే తొలినాటి రంగుకు దగ్గరగా ఉంటుంది. ఆ చీరనే వెంట తీసుకెళ్లండి. పసుపు దీపాల కింద ఎరుపు మరింత నిండుగా కనిపించి మోసం చేస్తుంది. రెండు చీరలనూ గడప దగ్గరికి తెచ్చి, పగటి వెలుతురులో నీడపట్టున పక్కపక్కన పరిచి చూడండి.

అప్పటికీ కుదరకపోతే నారాయణపేట నేతవారికే చూపించి, నూలుకు ఆ రంగు అద్ది నేస్తారేమో అడగండి. పెళ్లిళ్ల రద్దీలో మాత్రం వద్దు. అమ్మనూ తప్పకుండా తీసుకెళ్లండి. ఆమెకు గుర్తున్న ఎరుపు వేరే కావచ్చు.