'డౌట్' అంటే ప్రశ్న కాదా?

ప్రశ్న: మొన్న అమెరికా క్లయింట్‌తో కాల్‌లో 'ఐ హ్యావ్ ఎ డౌట్' అన్నాను. ఆయన వెంటనే సీరియస్ అయిపోయి, మా ప్లాన్‌లో మీకేం నచ్చలేదని అడిగారు. నేను అడగబోయింది ఒక తేదీ గురించే! నా ఇంగ్లిష్‌లో తప్పేంటండీ? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గ్రామర్‌లో తప్పేమీ లేదమ్మా. బళ్లో పాఠం అయ్యాక టీచర్లు 'ఎనీ డౌట్స్?' అని అడగడం, మనం చెయ్యెత్తడం అలవాటై, అర్థం కానిదల్లా మనకు డౌట్ అయిపోయింది, పైగా తెలుగులో 'సందేహం' కూడా అలాగే అటు అనుమానానికీ ఇటు అడగాల్సిన ప్రశ్నకీ పనికొస్తుంది కదా. అమెరికా, బ్రిటన్ వాళ్లకి మాత్రం డౌట్ అంటే ప్రధానంగా నమ్మకం కుదరకపోవడమే. క్రిమినల్ కేసుల్లో 'రీజనబుల్ డౌట్' అంటారు చూడండి, ఆ అర్థంలో. అంటే మీ మాట ఆయనకి 'ఇది జరిగే పనేనా' అన్నట్టు వినపడింది. వాళ్లతో 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి, సరిపోతుంది. మన ఆఫీసులో మనవాళ్ల మధ్య డౌట్ అనే అనండి, దాన్ని మానుకోవాల్సిన అవసరం నాకైతే కనపడదు. టెన్షన్ పడకండి.

ప్రశ్న: రెజ్యూమెలో '2021లో పాస్డ్ అవుట్' అని రాశాను. మార్చాలా? – ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: బయటి దేశాలకు పంపేదైతే తప్పకుండా మార్చండి. అక్కడ 'పాస్డ్ అవుట్' అనగానే స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021' అని రాయండి. సైన్యంలో శిక్షణ ముగించడాన్ని బ్రిటన్‌లోనూ పాసింగ్ అవుట్ అంటారు, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న మన సైనిక శిక్షణ అకాడమీలో జరిగే పరేడ్‌కీ అదే పేరు, కానీ కాలేజీ చదువుకి ఆ మాట వాడరు.

ప్రశ్న: వీసా ఇంటర్వ్యూలో, మా తోడల్లుడి ఇంటికి వెళ్తున్నానని చెప్పాలి. 'కో-బ్రదర్' అనొచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ. అది ఇక్కడ మనం అల్లుకున్న మాట, నాకు చాలా ఇష్టమైన మాట కూడా, కానీ ఆ ఆఫీసరుకి తెలియకపోవచ్చు. ఇంగ్లిష్‌లో బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ బ్రదర్-ఇన్-లానే. ఫారంలో అదే రాయండి. ఎలా బంధువని అడిగితే 'మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్' అని విడమరిచి చెప్పండి. తోడికోడలి విషయంలోనూ అంతే, 'కో-సిస్టర్' అనకుండా 'మై హస్బెండ్స్ బ్రదర్స్ వైఫ్' అనాలి.